నలభై డాలర్ల స్కానర్, తొమ్మిది సెంటీమీటర్ల తీగ

2019 అక్టోబర్ 20 రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో అమెరికాలోని డాలస్ నగరపు ఉత్తర భాగాన్ని ఒక టోర్నడో చీల్చుకుంటూ వెళ్లింది. తీవ్రత ఈఎఫ్-3. ఇళ్లు, బడులు, దుకాణాలు దెబ్బతిన్నాయి. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. మా పెద్దమ్మ కొడుకు కుటుంబం అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే ఉంటుంది. ఆ రాత్రి వాళ్లు ఇద్దరు పిల్లల్ని తీసుకుని, కిటికీలు లేని బట్టల గదిలో కూర్చున్నారు. కరెంటు పోయింది. ఫోన్‌లో డేటా రాలేదు. బయట సైరన్ ఒకటే మోత. "ఫైరింజన్లు ఎటు పోతున్నాయో, ఏ రోడ్డు మూసేశారో తెలిస్తే చాలురా అనిపించింది" అన్నాడు అన్నయ్య తర్వాత.

కొన్ని వారాలకు, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముతున్న సామానులో ఒక పాత రేడియో స్కానర్ కనిపిస్తే నలభై డాలర్లకు కొనేశాడు. పోలీసు, ఫైర్, అంబులెన్సుల మాటలు అందులో వినిపిస్తాయని అమ్మినాయన చెప్పాడట. ఆయన అబద్ధమాడలేదు. పదిహేనేళ్ల క్రితం నిజంగానే వినిపించి ఉంటాయి. అన్నయ్యకు మాత్రం రంపపు మిల్లు పక్కన నిలబడినట్టు గరగర తప్ప ఒక్క మాట వినిపించలేదు. ఫోన్ చేసి, స్కానర్‌ను ఫోన్ దగ్గర పెట్టి, "ఒరేయ్, నువ్వు ఫిజిక్స్ చదివావు కదా, ఇదేంటో చెప్పు" అన్నాడు.

అది పాడైపోయిన రేడియో చేసే శబ్దం కాదు. అన్నయ్య ఉండే ఊరి మొత్తం రేడియో వ్యవస్థకు గుండెకాయ లాంటి కంట్రోల్ ఛానల్ శబ్దం. అందులో ఉన్నవి అంకెలు. మనిషి చెవికి అవి గరగర.

టోకెన్ ఇచ్చే మనిషి

ఒకప్పుడు పోలీసులకు ఒక ఫ్రీక్వెన్సీ, ఫైర్ వాళ్లకు ఒకటి, మంచినీళ్ల సరఫరా వాళ్లకు ఒకటి విడివిడిగా ఉండేవి. పాత బ్యాంకుల్లో ఒక్కో కౌంటరుకు ఒక్కో లైను ఉన్నట్టు. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా మన లైను కదలదు. ఇప్పుడు బ్యాంకుల్లో టోకెన్ తీసుకుంటాం, ఏ కౌంటరు ఖాళీ అయితే అక్కడికి పిలుస్తారు. ట్రంకింగ్ అంటే ఇదే. ఫ్రీక్వెన్సీలన్నీ ఉమ్మడి. ఫైర్ సిబ్బంది ఒకరు రేడియో బటన్ నొక్కగానే కంట్రోల్ ఛానల్ మీద ఒక విన్నపం వెళ్తుంది. వ్యవస్థను నడిపే కంప్యూటర్ ఖాళీగా ఉన్న ఛానల్ ఒకటి చూపిస్తుంది. ఆ బృందంలోని రేడియోలన్నీ కన్నుమూసి తెరిచేలోగా దాని మీదకు మారిపోతాయి. ఈ బృందాన్ని టాక్‌గ్రూప్ అంటారు. తర్వాతి మాట మరో ఫ్రీక్వెన్సీ మీద రావచ్చు.

దీనివల్ల ఒరిగేది ఎంతో లెక్క వేయవచ్చు. డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1917లో ఇచ్చిన సూత్రం ఇందుకు ఇప్పటికీ ఆధారం. ఒక ఛానల్ పూర్తిగా గంటసేపు నిండి ఉంటే ఆ రద్దీని ఒక ఎర్లాంగ్ అంటారు. నూటికి రెండు కాల్స్ మాత్రమే దారి దొరక్క ఆగాలని షరతు పెట్టుకుందాం. అప్పుడు అయిదు ఛానళ్లు మోయగల రద్దీ సుమారు 1.66 ఎర్లాంగ్‌లు. నాలుగు శాఖలకు అయిదేసి చొప్పున పంచితే మొత్తం 6.6. అవే ఇరవై ఛానళ్లను ఉమ్మడి చేస్తే 13.2. ఒక్క ఫ్రీక్వెన్సీ కూడా అదనంగా తీసుకోకుండా సామర్థ్యం రెట్టింపు అయింది. నగరాలు ట్రంకింగ్ వైపు వెళ్లడంలో ఆశ్చర్యమేముంది?

దీని మీద మరో పొర డిజిటల్. ఉత్తర అమెరికాలో పోలీసు, ఫైర్ శాఖలు ఎక్కువగా వాడే ప్రమాణం పేరు ప్రాజెక్ట్ 25, పొట్టిగా పీ25. దీని పని 1989లో మొదలైంది. మొదటి దశ పీ25లో మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను 88 బిట్లలోకి కుదిస్తారు. అంటే సెకనుకు 4,400 బిట్లు. సీడీలో ఒక ఛానల్ ధ్వనికి పట్టే బిట్లలో ఇది నూట అరవయ్యో వంతు! దోషాలను సరిదిద్దే బిట్లు, ఇతర సమాచారం కలిపాక సెకనుకు 9,600 బిట్లు గాల్లోకి వెళ్తాయి. రెండో దశలో ఒకే ఛానల్‌ను కాలం ప్రకారం పంచి రెండు సంభాషణలు నడుపుతారు. యూరప్‌లో పుట్టిన టెట్రా అయితే 25 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో నాలుగు సంభాషణలు ఇముడ్చుతుంది. మన ఢిల్లీ మెట్రో రైళ్లలో వాడేది టెట్రానే.

కొనే ముందు చూడాల్సింది పరికరాన్ని కాదు

పరికరం సంగతి తర్వాత, ముందు మీ ఊళ్లో ఏ వ్యవస్థ ఉందో చూడమని అన్నయ్యతో అన్నాను. అమెరికాలో ప్రతి కౌంటీలోని వ్యవస్థల వివరాలు అభిరుచిపరులు పోగుచేసిన రేడియోరిఫరెన్స్ డేటాబేస్‌లో ఉంటాయి. అక్కడ నాలుగు సంగతులు చూడాలి. వ్యవస్థ పీ25 మొదటి దశా, రెండో దశా? ఫ్రీక్వెన్సీలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయి? ఒకే టవరా, సైమల్‌కాస్టా? టాక్‌గ్రూపులు గుప్తీకరించారా? ఆఖరి దానికి జవాబు అవును అయితే పర్సు జేబులోనే ఉంచుకోవచ్చు. ఆ డేటాబేస్‌లో టాక్‌గ్రూప్ పక్కన పెద్ద అక్షరం 'ఈ' ఉంటే అది పూర్తిగా గుప్తీకరించినదని అర్థం. పీ25లో ఇందుకు వాడే ఏఈఎస్-256 తాళాన్ని ఏడు వందల డాలర్ల స్కానరూ తీయలేదు, ఏడు వేలదీ తీయలేదు. "అన్నీ డీకోడ్ చేస్తుంది" అని ఎవరైనా అమ్మజూపితే ఆ దుకాణం నుంచి బయటకు రావడమే మేలు.

ఇది అక్కడ పెద్ద వివాదం కూడా. డెన్వర్ పోలీసులు 2019లో తమ రేడియోలను గుప్తీకరించారు. న్యూయార్క్ పోలీసులు 2023లో మొదలుపెట్టారు. నేరస్తులు వింటున్నారని, బాధితుల వివరాలు బయటపడుతున్నాయని పోలీసులు అంటారు. పోలీసుల మీద ప్రజల కన్ను లేకుండా పోతోందని విలేకరులు అంటారు. విలేకరిగా నా మనసు రెండో వైపే మొగ్గుతుంది. కానీ గుండెపోటు వచ్చిన మనిషి ఇంటి చిరునామా ఊరంతా వినాల్సిన అవసరం ఏమిటంటే నా దగ్గర సూటి జవాబు లేదు. ఫైర్ శాఖలు చాలాచోట్ల ఇంకా తెరిచే ఉంచాయి. అన్నయ్య ఊళ్లో పరిస్థితి అదే. అతనికి కావలసిందీ ఫైర్ శాఖే.

ఇంత చెప్పినా నా మాట సగమే విన్నాడు. మర్నాడే ఆన్‌లైన్‌లో నూట యాభై డాలర్లు పెట్టి ఒక వాడేసిన స్కానర్ తెప్పించాడు. పెట్టె మీద 'డిజిటల్' అని ఉంది, మొదటి దశ పీ25ని డీకోడ్ చేస్తుంది, అన్నయ్య ఊరి వ్యవస్థ కూడా మొదటి దశే. కాగితం మీద అంతా సరిపోయింది. పక్క కౌంటీ మాటలు గంట కొట్టినట్టు వినిపించాయి. సొంత ఊరివి మాత్రం ముక్కలు ముక్కలు. "ఇంజన్ నాలుగు..." తర్వాత నీళ్లలో మునిగినట్టు బుడబుడ. అటక మీద పెద్ద యాంటెన్నా పెట్టాడు. ఇంకా పాడైంది.

ఒకే మాట, నాలుగు టవర్లు

సంకేతం పెరిగేకొద్దీ వినికిడి తగ్గడం వింతగా అనిపిస్తుంది. దీనికి కారణం సైమల్‌కాస్ట్. పెద్ద నగరాన్ని ఒక్క టవర్‌తో కప్పలేరు. ఒక్కో టవర్‌కు వేరే ఫ్రీక్వెన్సీలు ఇవ్వడానికి అవి చాలవు. అందుకే అన్ని టవర్ల నుంచి ఒకే ఫ్రీక్వెన్సీ మీద, జీపీఎస్ గడియారాలతో జత చేసి, ఒకే సంకేతాన్ని ఒకేసారి వదులుతారు.

మీ ఇంటికి ఒక టవర్ 3 కిలోమీటర్లు, మరొకటి 18 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. తేడా 15 కిలోమీటర్లు. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది కాబట్టి రెండో సంకేతం 50 మైక్రోసెకన్లు ఆలస్యంగా వస్తుంది. పీ25 మొదటి దశలో ఒక్కో గుర్తు నిలిచే కాలం 208 మైక్రోసెకన్లు. అంటే దాదాపు పావు వంతు మేర ఒక గుర్తు మీద ఇంకో గుర్తు పడుతోంది. పెద్ద కల్యాణమండపంలో రెండు మూలల స్పీకర్ల మధ్య నిలబడి మైకులో పేర్లు చదువుతుంటే వినడానికి ప్రయత్నించినవారికి ఇది అనుభవమే. పైగా తరంగాలు ఒకదానికొకటి ఎదురై కొన్ని క్షణాల్లో రద్దయిపోతాయి.

సాధారణ స్కానర్ లోపల ఉండేది ఎఫ్ఎమ్ రిసీవర్. అది ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో మాత్రమే చూస్తుంది. సంకేతం బలం ఎంత మారిందనేది దానికి చెత్త, ముందే కత్తిరించి పారేస్తుంది. కానీ సైమల్‌కాస్ట్ టవర్లు చాలాచోట్ల వాడే ఎల్‌ఎస్‌ఎమ్ అనే మాడ్యులేషన్‌లో బలం కూడా సమాచారమే. రెండు సంకేతాలు రద్దయ్యే క్షణంలో ఎఫ్ఎమ్ రిసీవర్‌కు దొరికేది ఒట్టి రొద, దాన్నే అది బిట్లుగా చదివేస్తుంది. యాంటెన్నా అటక మీదకు ఎక్కితే దూరపు టవర్లు కూడా బాగా అందుతాయి. గొడవ ఇంకా పెరుగుతుంది.

సంకేతపు బలాన్నీ దశనూ రెండింటినీ దాచిపెట్టి, తర్వాత గణితంతో విడదీసే రిసీవర్ దీనికి మందు. చేతిలో పట్టుకునే స్కానర్లలో ఈ పద్ధతి 2018లో వచ్చిన యూనిడెన్ ఎస్‌డీఎస్100తో మొదలైంది. ధర ఏడు వందల డాలర్ల దరిదాపుల్లో. ఈ వ్యాసానికి కారణమైన విచిత్రం ఏమిటంటే, అదే పని చేసే అత్యంత చవకైన పరికరం ధర ముప్పయి, నలభై డాలర్లే.

టీవీ కోసం పుట్టిన చిప్

రియల్‌టెక్ ఆర్‌టీఎల్2832యూ అనే చిప్‌ను కంప్యూటర్‌లో డిజిటల్ టీవీ చూసేందుకు తయారుచేశారు. దాన్ని బొటనవేలంత యూఎస్‌బీ డాంగుల్‌లో పెట్టి అమ్మేవారు. ఎఫ్ఎమ్ రేడియో వినిపించాల్సి వచ్చినప్పుడు ఆ చిప్ తాను డీకోడ్ చేయకుండా, గాల్లో పట్టిన సంకేతపు నమూనాలను పచ్చిగా కంప్యూటర్‌కు అప్పజెప్పేస్తుందని 2012లో బయటపడింది. ఫిన్లాండ్‌కు చెందిన లైనక్స్ డ్రైవర్ల ప్రోగ్రామర్ ఆంటీ పాలోసారి ఈ సంగతి గమనించినవారిలో ముఖ్యుడు. ఓస్మోకామ్ బృందం దానికి డ్రైవర్ రాసింది. ఆ రోజు నుంచి టీవీ డాంగుల్ కాస్తా సాఫ్ట్‌వేర్ రేడియో అయింది. ఆర్820టీ2 ట్యూనర్ ఉన్నవి సుమారు 24 నుంచి 1,766 మెగాహెర్ట్జ్ వరకు పట్టుకుంటాయి.

ఇది ఇచ్చేవి 8 బిట్ల నమూనాలు, జతలు జతలుగా. బలమూ, దశా రెండూ అందులో ఉంటాయి. మన సమస్యకు కావలసింది సరిగ్గా అదే. మిగతా పని సాఫ్ట్‌వేర్‌ది. ఎస్‌డీఆర్‌ట్రంక్, ఓపీ25 రెండూ ఉచితం. మొదటిది జావాలో రాసింది, విండోస్‌లోనూ నడుస్తుంది, తెర మీద ఏ టాక్‌గ్రూప్ ఎక్కడ మాట్లాడుతోందో చూపిస్తుంది. రెండోది లైనక్స్ వాళ్లకు, రాస్ప్‌బెర్రీ పై 4 మీద కూడా నడుస్తుంది. ఎస్‌డీఆర్‌ట్రంక్‌లో ఛానల్ పెట్టేటప్పుడు మాడ్యులేషన్‌ను మామూలుదా, ఎల్‌ఎస్‌ఎమ్‌దా అని అడుగుతుంది. ఆ ఒక్క గడి తప్పు ఎంచుకుని పరికరాన్ని తిట్టేవారు చాలామంది.

డాంగుల్ కొనేటప్పుడు రెండు అంకెలు చూడాలి. మొదటిది గడియారం కచ్చితత్వం. పేరూ ఊరూ లేని డాంగుళ్లలో స్ఫటికం పది లక్షల్లో 50 వంతులు తప్పవచ్చు. 850 మెగాహెర్ట్జ్ దగ్గర అది 42.5 కిలోహెర్ట్జ్. ఛానల్ వెడల్పే 12.5 కిలోహెర్ట్జ్ అయినప్పుడు మూడు ఛానళ్ల అవతల వెతుకుతున్నట్టు లెక్క! సాఫ్ట్‌వేర్‌లో సవరించవచ్చు గానీ డాంగుల్ వేడెక్కేకొద్దీ తప్పు మారుతూ పోతుంది. ఉష్ణోగ్రతను సరిచూసుకునే టీసీఎక్స్ఓ ఉన్నవాటిలో తప్పు పది లక్షల్లో ఒక వంతు, అంటే 850 హెర్ట్జ్. పది డాలర్లు ఎక్కువైనా వీటినే కొనాలి. నేను రాజీపడని విషయం ఇది ఒక్కటే.

రెండోది వెడల్పు. ఒక డాంగుల్ నమ్మకంగా ఒకేసారి చూడగలిగేది 2.4 మెగాహెర్ట్జ్. వ్యవస్థ ఫ్రీక్వెన్సీలన్నీ అంతలో ఇమిడితే ఒకటి చాలు. 851 నుంచి 859 దాకా విస్తరిస్తే ఒక డాంగుల్‌ను కంట్రోల్ ఛానల్ మీద కాపలా పెట్టి, రెండోదాన్ని మాటల వెంట పరిగెత్తించాలి. ఒకటే ఉంటే అది కాపలా వదిలి మాట వెంట వెళ్లి తిరిగి రావాలి, ఆ మధ్యలో మిగతావి పోతాయి. స్కానర్లు చేసేదీ ఇదే కాబట్టి అదేమీ ఘోరం కాదు. ఎక్కువ డాంగుళ్లు వద్దనుకునేవారికి 6 మెగాహెర్ట్జ్ చూసే ఎయిర్‌స్పై మినీ ఉంది, ధర వంద డాలర్ల చుట్టుపక్కల.

యాంటెన్నాకు డబ్బు పెట్టక్కర్లేదు. 850 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు తొమ్మిదికి కొంచెం తక్కువ. డాంగుల్‌తో వచ్చే తీగను ఆ పొడవుకు సరిచేస్తే చాలు. ఎక్కడ పెడతామన్నదే అసలు సంగతి. మేం వీడియో కాల్‌లో ఇల్లంతా తిరిగాం. అటక కంటే కింది అంతస్తు పడమటి కిటికీ నయమని తేలింది. దగ్గరి టవర్ అటే ఉంది, మిగతా టవర్లను ఇంటి గోడలే అడ్డుకున్నాయి. రెండు డాంగుళ్లు, పాత ల్యాప్‌టాప్, కిటికీలో తొమ్మిది సెంటీమీటర్ల తీగ. "ఇంజన్ నాలుగు" ఏ వీధికి వెళ్తోందో ఆ సాయంత్రం పూర్తిగా వినిపించింది. ఖర్చు వంద డాలర్ల లోపే. అంతకుముందు పోసిన నూట తొంభై డాలర్ల గురించి వదిన ఏమన్నదో ఇక్కడ రాయను.

ఇక్కడి వారికి ఒక మాట

ఇదంతా చదివి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పోలీసు సెట్ వినాలనుకునేవారు ఆగాలి. అమెరికా సమాఖ్య చట్టం గుప్తీకరించని పోలీసు, ఫైర్ రేడియోలను వినడానికి ఒప్పుకుంటుంది, విన్నదాన్ని సొంత లాభానికి వాడుకోనివ్వదు. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా లాంటి రాష్ట్రాల్లో కార్లో స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి. అక్కడ చదువుకునే మన పిల్లలు ఇది మరవకూడదు. భారత్‌లో సంగతి వేరు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలోని 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సందేశాలను చట్టవిరుద్ధంగా అడ్డగించి వింటే మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

రేడియో మీద మనసున్నవారికి ఇక్కడ సరైన దారి హామ్ లైసెన్స్. పన్నెండేళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు. ఇందుకు శిక్షణ ఇచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హైదరాబాద్‌లోనే 1983 నుంచి ఉంది. 2004 డిసెంబర్ సునామీ వేళ ఆ సంస్థ తరఫున అండమాన్‌కు వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్‌లు, ఫోన్లు మూగబోయిన ద్వీపాల నుంచి సమాచారం చేరవేశారు. టాక్‌గ్రూపులు, కాలాన్ని పంచుకునే డిజిటల్ ఛానళ్లు హామ్‌ల డీఎంఆర్ రేడియోల్లోనూ ఉంటాయి. విద్య ఒకటే, అనుమతి కూడా ఉంటుంది.

పాత స్కానర్ ఏమైంది?

ల్యాప్‌టాప్ వ్యవస్థ నెల రోజులు బాగా నడిచాక వదిన ఒక ప్రశ్న వేసింది: "మీ అన్నయ్య ఊళ్లో లేనప్పుడు, కరెంటు పోయిన చీకట్లో, పిల్లల్ని ఎత్తుకుని ఈ డాంగుళ్లన్నీ నేనెలా పెట్టాలి?" నా దగ్గర జవాబు లేదు. ఎస్‌డీఎస్100కు ఏడు వందలు ఎందుకు పెడతారో ఆ ప్రశ్నలోనే ఉంది. బటన్ నొక్కితే పలుకుతుంది.

అప్పుడు ఆలోచిస్తే, మేం మొదటి నుంచీ తప్పు ప్రశ్న వెంట పడ్డామనిపించింది. బట్టల గదిలో కూర్చున్న కుటుంబానికి ముందు తెలియాల్సింది టోర్నడో ఎటు వస్తోందని. అమెరికా వాతావరణ శాఖ అందుకోసం 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు ఫ్రీక్వెన్సీల మీద పగలూ రాత్రీ ప్రసారం చేస్తుంది. డిజిటల్ కాదు, ట్రంకింగ్ లేదు, పాతకాలపు ఎఫ్ఎమ్. మేఘాల కింద నిలబడి వడగళ్లు, గాలి సుడులు చూసి చెప్పే స్కైవార్న్ వాలంటీర్లు మాట్లాడేది కూడా ఎక్కువగా 144-148 మెగాహెర్ట్జ్‌లోని హామ్ రిపీటర్ల మీద, అదే ఎఫ్ఎమ్‌లో. ఇవన్నీ నలభై డాలర్ల పాత స్కానర్‌కు కొట్టిన పిండి.

దాన్ని గరాజ్ నుంచి తెచ్చి, పాత ఫ్రీక్వెన్సీలు చెరిపి, వాతావరణ ఛానల్‌ను మొదటి బటన్ మీద, స్కైవార్న్ రిపీటర్‌ను రెండో బటన్ మీద పెట్టించాను. ఇప్పుడది బట్టల గదిలో, టార్చి పక్కన, నాలుగు కొత్త బ్యాటరీలతో ఉంది. నెలకోసారి మొదటి బటన్ నొక్కి చూసే బాధ్యత పెద్దమ్మాయిది.